ఇంట్లో సీసం ఎక్కడుందో వెతికి, దాన్ని ఎక్కడుంచాలో అక్కడుంచడం ఎలా?

కిందటి ఎండాకాలం మా ఇన్వర్టర్ బ్యాటరీ చచ్చిపోయింది. చంపింది నేనే. ప్రొద్దుటూరులో మే నెల మధ్యాహ్నం ఎట్లుంటుందో తెలుసు కదా. డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది, అంగడి దాకా పోవడానికి బద్ధకమై బోరు నీళ్ళు పోశాను. ఇరవై ఏళ్ళుగా హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్తున్నవాణ్ణి. ఆవర్తన పట్టికలో 82వ గడి ఎవరిదంటే నిద్రలో లేపి అడిగినా సీసం అంటాను. రెండు నెలలకు మెకానిక్ వచ్చి మూతలు తీసి చూసి, "సార్, మీరే ఇట్ల చేస్తే ఎట్ల సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

కొత్త బ్యాటరీ వచ్చిన రోజే కాగితం, పెన్ను పట్టుకుని ఇల్లంతా తిరిగాను, ఇంకెక్కడెక్కడ సీసం ఉందో చూద్దామని. ఇన్వర్టర్ బ్యాటరీ, స్కూటర్ బ్యాటరీ సరే. మా నాయన కొట్టులో వాడిన పాత తూకం రాళ్ళు, తమ్ముడి చేపల వల, నా సోల్డరింగ్ తీగ చుట్ట, అవ్వ కాలం నాటి తలుపుల రంగు, అనుమానంగా ఒక సత్తు చెంబు. మొత్తం ఏడు. మీ ఇంట్లోనూ ఇంచుమించు ఇవే ఉంటాయి. ఒక ఆదివారం పెట్టుకుంటే పని అయిపోతుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. సీసం గడ్డగా ఉండి, కదలకుండా మూసి ఉన్నంతసేపు దాని పని అది చేస్తుంది, మనల్ని ఏమీ అనదు. ముట్టుకున్నంత మాత్రాన చర్మం గుండా లోపలికి పోదు. అది పొడి అయినప్పుడు, పొగ అయినప్పుడు, పులుపులో కలిసినప్పుడు ప్రమాదం. పొడి చేతికంటుతుంది, చెయ్యి నోట్లోకి పోతుంది. పొగ ముక్కులోకి పోతుంది. పులుపు కడుపులోకి పోతుంది. కింద చెప్పేవన్నీ ఈ మూడు దారులు మూయడానికే.

ముందు అది సీసమేనా తేల్చుకోండి

మన దగ్గర లోహాల పేర్లు పెద్ద గందరగోళం. సత్తు అంటే ఒక ఇంట్లో తగరం, పక్కింట్లో అల్యూమినియం. కళాయి అంటే కొందరికి తగరం, కొందరికి ఆ పూత. పెన్సిల్‌లో ఉండేది లెడ్ అని పిల్లలు ఇప్పటికీ రాస్తారు. అది గ్రాఫైట్, అంటే కార్బన్. దానికీ సీసానికీ ఏ చుట్టరికమూ లేదు. ఇక తెలుగు మాస్టారిని సీసం అంటే ఏంటని అడిగితే నాలుగు పాదాల పద్యం ఎత్తుకుంటాడు, ఆపడం మన వల్ల కాదు.

గుర్తుపట్టడానికి ఇలా చేయండి. చేతికి పాత ప్లాస్టిక్ కవర్ తొడుక్కోండి. వస్తువును ఎత్తి చూడండి. కంటికి కనిపించే సైజుకు మించిన బరువు ఉంటే మొదటి అనుమానం. కనిపించని మూలలో గోరుతో గీయండి, సీసమైతే గీత పడుతుంది, అంత మెత్తన. చాకుతో చిన్నగా గీకితే లోపల నీలం కలిసిన తెలుపుతో తళతళమంటుంది. కొద్ది రోజుల్లో గాలి తగిలి మళ్ళీ బూడిదరంగుకు తిరుగుతుంది. తెల్ల కాగితం మీద రాస్తే పెన్సిల్ గీసినట్టు నల్లటి గీత వస్తుంది. అయస్కాంతానికి అంటుకోదు. గచ్చు మీద పడేస్తే ఖంగుమనదు, దబ్ మని పడి ఊరుకుంటుంది.

తగరమా, సీసమా అని సందేహం వస్తే కడ్డీనో తీగనో చెవి దగ్గర పెట్టుకుని వంచండి. తగరం కటకటమని చిన్నగా శబ్దం చేస్తుంది, లోపలి స్ఫటికాలు ఒకదాని మీద ఒకటి జరగడం వల్ల. సీసం నోరు మెదపకుండా వంగుతుంది.

అసలైన పరీక్ష మాత్రం వంటింటి డిజిటల్ తూకంతో చేసేది. మా తొమ్మిదో తరగతి పిల్లలతో చేయించాను, బాగా నచ్చింది వాళ్ళకు. ముందు వస్తువును మామూలుగా తూచి గ్రాములు రాసుకోండి. తర్వాత ఒక మగ్గులో నీళ్ళు పోసి తూకం మీద పెట్టి, సున్నా నొక్కండి. వస్తువును దారంతో కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకు, పక్కలకు తగలకూడదు. ఇప్పుడు తూకం మీద కనిపించే అంకె ఆ వస్తువు పక్కకు నెట్టిన నీళ్ళ బరువు. మొదటి అంకెను దీంతో భాగించండి. మా తమ్ముడి వలకు కట్టే గుళ్ళన్నీ కలిపి 340 గ్రాములు వచ్చాయి, నీళ్ళలో 30 చూపించింది. 340ని 30తో భాగిస్తే 11.3. సీసం సాంద్రత 11.34. ఇనుమైతే 7.9, తగరం 7.3, అల్యూమినియం 2.7 దగ్గర వస్తుంది. తగరంలో సీసం కలిపితే రెంటికీ మధ్యలో పడుతుంది. ఈ ఒక్క లెక్క కింద సత్తు చెంబు దగ్గర పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఒక పరీక్ష మాత్రం చేయకండి: కరిగించి చూడటం. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, ఇంటి స్టవ్ మీద కూడా కరుగుతుంది. ఆ సులువే దాని పేరు చెడగొట్టింది. కరిగిన సీసం మీద తేలే బూడిద, పైకి లేచే ఆవిరి ఇంట్లో పడితే ఏ చీపురుతోనూ పోవు. చెవుల్లో సీసం పోసినట్టు అని మనవాళ్ళు ఊరికే అనలేదు, ఏ కమ్మరి కొలిమిలోనైనా అది తేలిగ్గా కరుగుతుంది కదా.

ఇంకో మాట. సీసం మనకు దూరపు చుట్టం కాదు. శాతవాహనులు దీంతో నాణేలు పోసి వాడుకున్నారు. భూగర్భ శాస్త్రవేత్తలు మన జిల్లా పేరుతోనే పిలిచే కడప బేసిన్ రాళ్ళకు ఈశాన్య కొసన, వినుకొండ వైపు అగ్నిగుండాలలో సీసం గనులు తవ్వారు. అక్కడ దొరికే ఖనిజం పేరు గెలీనా, సీసం, గంధకం కలిసినది, చూడ్డానికి వెండి ముక్కలా మెరుస్తుంది. మన పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో తవ్వే యురేనియం ఉంది చూడండి, అది కూడా చివరికి సీసమే అవుతుంది. యురేనియం 238 మెట్టు మెట్టుగా విరిగి విరిగి, సీసం 206 దగ్గర ఆగిపోతుంది. సగం యురేనియం అలా మారడానికి దాదాపు 450 కోట్ల ఏళ్ళు పడుతుంది. అంత ఓపిక మనకెందుకు గానీ, బ్యాటరీ దగ్గరికి పోదాం.

బ్యాటరీ: ఎక్కువ సీసం ఉన్న చోటు, ఎక్కువ జాగ్రత్త పెట్టాల్సిన చోటు

ప్రపంచంలో వాడే సీసంలో 80 శాతానికి పైగా బ్యాటరీలకే పోతుంది. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేసిన అమరికే ఇప్పటికీ మన వరండాలో కూర్చుని ఉంది. లోపల ఆరు గదులుంటాయి, ఒక్కోటి రెండు వోల్టులు. ప్రతి గదిలో గోధుమరంగు లెడ్ డయాక్సైడ్ పలక ఒకటి, మెత్తటి సీసం పలక ఒకటి, మధ్యలో నీళ్ళు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. కరెంటు పోయి ఫ్యాను తిరుగుతున్నప్పుడు రెండు పలకలూ మెల్లగా లెడ్ సల్ఫేట్‌గా మారతాయి, యాసిడ్ పలుచబడి నీళ్ళవుతుంది. ఛార్జింగ్‌లో అంతా వెనక్కి తిరుగుతుంది.

ఇనుమునూ జింకునూ కొరుక్కుతినే యాసిడ్‌లో సీసం అన్నేళ్ళు ఎలా ఉంటుందని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. యాసిడ్ తగలగానే సీసం మీద పలుచటి లెడ్ సల్ఫేట్ పొర కడుతుంది. ఆ పొర నీళ్ళలో కరగదు కాబట్టి కిందున్న లోహానికి అదే చొక్కా అవుతుంది. వెనిగర్‌లో ఉండే నీరసపు ఆమ్లం మాత్రం ఆ పని చేయదు, సీసాన్ని మెల్లగా కరిగించి తనతో తీసుకుపోతుంది. గట్టివాడికి లొంగనిది మెత్తవాడికి లొంగుతుంది. పులుసు గిన్నె సంగతి వచ్చినప్పుడు ఇది మళ్ళీ గుర్తుచేస్తాను.

ఇప్పుడు నీళ్ళు పోసే పద్ధతి. ముందు రోజు రాత్రి బ్యాటరీ నిండా ఛార్జి కానివ్వండి. పొద్దున్నే, ఎండ రాకముందు మొదలుపెట్టండి. ఇన్వర్టర్ స్విచ్ ఆపి, మెయిన్ కూడా ఆపండి. చేతి ఉంగరం, గడియారం, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి. లోహం రెండు టెర్మినళ్ళకు తగిలితే వేలు కాలుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి. మంచి చొక్కా వద్దు, యాసిడ్ చుక్క పడిన నూలు చొక్కాకు ఉతికిన తర్వాత కన్నం పడుతుంది. నాకు రెండు చొక్కాలు పోయాయి.

మూతల మీద ఎర్రటి, ఆకుపచ్చటి గీతలున్న తేలే పుల్లలు చూడండి. పచ్చ దగ్గర ఉంటే ముట్టుకోకండి. ఎరుపుకు దిగితే గరాటుతో డిస్టిల్డ్ వాటర్ కొద్దికొద్దిగా పోసి పచ్చ దగ్గర ఆపండి. ఇంకో కాస్త పోద్దామని ఆశపడితే ఛార్జింగ్‌లో యాసిడ్ పొంగి బయటికొస్తుంది. ఛార్జి కాకముందు నిండా పోసినా అంతే. ఒకవేళ పలకలు పైకి తేలి ఆరిపోయి కనిపిస్తే మాత్రం, మునిగేంత నీళ్ళు పోసి, ఛార్జింగ్ అయ్యాక మిగతావి పోయండి. యాసిడ్ ఎప్పుడూ పోయొద్దు. ఆవిరైపోయేది నీళ్ళే, యాసిడ్ లోపలే ఉంటుంది.

బోరు నీళ్ళు ఎందుకు పనికిరావో ఇప్పుడు నేను గట్టిగా చెప్పగలను. అనంతపురం వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలుసు, మా దగ్గర ఉప్పులు, సున్నం. బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది చూడండి, అదే. ఆ నీళ్ళలో ఉండే క్లోరైడు సీసపు పలకలను కొరుకుతుంది. ఇనుము ఉంటే ఏమీ వాడకపోయినా ఛార్జి దానంతటదే దిగిపోతుంది. ఒకసారి లోపలికి పోయిన ఉప్పు మళ్ళీ బయటికి రాదు, నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ చిక్కబడుతుంది. క్యాను నీళ్ళు, ఆర్‌ఓ నీళ్ళు కూడా డిస్టిల్డ్ వాటర్ కాదు. తాగడానికి మంచివైతే బ్యాటరీకీ మంచివే అనుకోవడమే నేను చేసిన తప్పు, ఇంకో పదిమంది చేసే తప్పు కూడా.

మన ఎండలకు ఇంకో రెండు జాగ్రత్తలు. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఈ పనిలో ఉన్నవాళ్ళు లెక్క వేసుకుంటారు. కర్నూలులో 43 డిగ్రీలు కొట్టే రోజున మిద్దె మీది రేకుల గదిలో బ్యాటరీ పెడితే అది లోపల ఉడికిపోతుంది. కింద, నీడలో, గాలి ఆడేచోట, ఒక చెక్క పలక మీద పెట్టండి. గాలి ఆడటం చల్లదనానికి మాత్రమే కాదు. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ బయటికి వస్తుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. దీపం పెట్టే పూజ గది పక్కన, గ్యాస్ స్టవ్ పక్కన, బీడీ కాల్చే తాత మంచం పక్కన బ్యాటరీ వద్దు. మామూలు రోజుల్లో రెండు నెలలకోసారి నీళ్ళు చూసుకుంటే చాలు, మార్చి నుంచి జూన్ దాకా మాత్రం నెల నెలా చూడండి.

ఛార్జి ఎంతుందో తెలుసుకోవడానికి వోల్ట్ మీటర్ చాలు. కాసేపు ఏమీ వాడకుండా ఉంచి కొలిస్తే 12.7 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే బాగా కిందికి దిగితే ఖాళీ. ఒక్కో గది సంగతి తెలియాలంటే హైడ్రోమీటర్ కొనుక్కోండి, అంగట్లో తక్కువకే దొరుకుతుంది. రబ్బరు బుడ్డి నొక్కి యాసిడ్ పీలిస్తే లోపలి గాజు గొట్టం తేలుతుంది. నిండా ఛార్జి అయిన ట్యూబులర్ బ్యాటరీలో (ఇన్వర్టర్లకు వాడే గొట్టాల పలకల రకం) 1.240 దగ్గర చూపిస్తుంది, దిగిపోయినదాంట్లో 1.150కి వస్తుంది. నీళ్ళ కంటే యాసిడ్ బరువు కాబట్టి ఛార్జి ఎక్కేకొద్దీ గొట్టం పైకి తేలుతుంది. ఐదు గదులు 1.240 చూపించి ఒకటి మాత్రం 1.190 చూపిస్తే ఆ గది పోతున్నట్టు లెక్క. మెకానిక్ మొత్తం బ్యాటరీ పోయిందన్నప్పుడు ఈ అంకెలు మీ చేతిలో ఉంటే మాట వేరేగా ఉంటుంది.

దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేసి ఊరికి పోకండి. పలకల మీది లెడ్ సల్ఫేట్ మొదట మెత్తగా ఉంటుంది, వారాలు గడిస్తే గట్టి పలుకులు కట్టి మళ్ళీ సీసంగా మారనంటుంది. కరెంటు అసలు పోని నెలల్లో కూడా నెలకోసారి మెయిన్ ఆపి ఒక గంట ఫ్యాను తిప్పండి.

టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పొడి పూస్తుంది. దాన్ని పొడిగా గీకేవాళ్ళే ఎక్కువ. అది తప్పు, అందులో సీసం ఉంటుంది, గాలిలో లేస్తుంది. మూతలన్నీ బిగించి, గోరువెచ్చటి నీళ్ళలో రెండు చెంచాల తినే సోడా కలిపి పోయండి, బుసబుసమని పొంగుతుంది. ఆగాక తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్‌లో మూటకట్టి పారేయండి. సోడా నీళ్ళు ఒక్క చుక్క కూడా లోపలికి పోకూడదు. తీగలు విప్పాల్సొస్తే మైనస్ ముందు విప్పండి, బిగించేటప్పుడు అది చివర. పైన వాజిలిన్ రాయండి. యాసిడ్ ఒంటి మీద పడితే నీళ్ళు ధారగా పోస్తూనే ఉండండి, కంట్లో పడితే పావుగంట కడిగి నేరుగా డాక్టర్ దగ్గరికి.

వంటిల్లు

పులుసు గిన్నె సంగతి చెప్తానన్నాను కదా. ఇత్తడి, రాగి పాత్రలకు లోపల పూసే కళాయి అసలు తగరం. పాత్రను వేడి చేసి, నవాసారం చల్లి, తగరపు కడ్డీ రుద్ది దూదితో తుడుస్తారు. ఆ చేతివాటం చూడముచ్చటగా ఉంటుంది. చిక్కు ఏంటంటే తగరం ధర సీసం ధర కంటే ఎన్నో రెట్లు. అందులో సీసం కలిపితే లాభమూ ఎక్కువ, తొందరగా కరుగుతుంది కాబట్టి పనీ సులువు. సోల్డరింగ్ తీగలో తగరం 63, సీసం 37 పాళ్ళలో కలిస్తే 183 డిగ్రీలకే కరుగుతుంది, విడివిడిగా రెండూ అంత తక్కువలో కరగవు. ఆ గుణమే సోల్డరింగ్‌కు వరం, పాత్రకు శాపం. అలాంటి పూత మీద చింతపండు పులుసు, నిమ్మరసం, పుల్ల మజ్జిగ నిల్వ ఉంటే సీసం వాటిలోకి దిగుతుంది.

కళాయి పూయించేటప్పుడు దగ్గర నిలబడండి. కడ్డీ తెచ్చి చూపించమనండి, వంచి చెవి దగ్గర పెట్టండి. కటకట వినిపించకపోతే ఈ పూట వద్దులే అన్నా అని పంపేయండి. చారు కాచే సత్తు చెంబు అయితే నీళ్ళ తూకం పరీక్ష చేయండి. చెంబును ముంచేటప్పుడు లోపల గాలి బుడగ మిగలకుండా ఒంచి ముంచాలి. 7.3 దగ్గర వస్తే తగరం. 8 దాటితే సీసం కలిసిందని గట్టి అనుమానం, అందులో చారు మానేయండి. మా చెంబు 7.4 చూపించింది. మా ఇంట్లోవాళ్ళు నా వంక ఒక చూపు చూసి, చెంబు తీసుకుపోయి మళ్ళీ చారు పెట్టేశారు.

పసుపు గురించి కూడా చెప్పాలి. మైదుకూరు పసుపు పండే నేల మీద ఉండి రంగు పూసిన పసుపు కొనుక్కోవడం అన్యాయం. లెడ్ క్రోమేట్ అని మెరిసే పసుపుపచ్చ రంగు ఉంది, బండ్లకూ, ఒకప్పుడు ఇళ్ళకూ వేసే పెయింట్లలో వాడేది. దాన్ని కొమ్ములకు పూసి నిగనిగలాడించడం దేశంలో కొన్ని చోట్ల బయటపడింది. మంచి కొమ్ము మట్టి మట్టిగా, చిన్నబోయినట్టు ఉంటుంది. అలాంటివి కొనుక్కుని, కడిగి ఆరబెట్టి, తెలిసిన మర పట్టించుకోండి. విడి పొడి కొంటే ఒక చెంచా గ్లాసు నీళ్ళలో వేసి కదపకుండా వదిలేయండి. మంచిది కిందికి దిగి పైన నీళ్ళు లేత పసుపుగా ఉంటాయి, నీళ్ళు చిక్కటి పసుపుపచ్చగా మారితే కలిపిన రంగు ఉన్నట్టు. ఈ పరీక్ష రంగును పట్టుకుంటుంది గానీ సీసం ఉందో లేదో తేల్చదు. తేల్చేది ల్యాబే.

సింధూరం కూడా అంతే. పాతకాలపు సింధూరం అంటే ఎర్ర సీసం, సీసపు ఆక్సైడు. నుదుట పెట్టుకుంటే ఏమీ కాదు గానీ వేళ్ళకంటింది పిల్లల నోట్లోకి పోతుంది. పెట్టె మీద సీసం లేనిదని రాసి ఉంటే తీసుకోండి, లేదా పసుపు, సున్నంతో చేసిన కుంకుమతో సరిపెట్టుకోండి.

పాత తలుపుల రంగు గీకేటప్పుడు

మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదనే నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకుముందు కొట్టిన ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ముదురు ఆకుపచ్చలో, సీసం ఉండొచ్చు. గోడల సున్నంతో ఈ బాధ లేదు.

రంగు గట్టిగా ఉండి పెచ్చులు ఊడకపోతే దాన్ని లేపకండి, పైన కొత్త రంగు వేయించండి. పెచ్చులు ఊడుతుంటే పొడిగా గీకడం, మంటతో కాల్చడం, మిషన్‌తో రుద్దడం మూడూ వద్దు. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, నీళ్ళు చిలకరించి, తడిపే ఎమెరీ కాగితంతో రుద్దించండి. పని అయ్యాక చీపురు పట్టకండి, తడి గుడ్డతో రెండుసార్లు తుడవండి. ఆ రెండు రోజులూ గర్భిణులను, చిన్నపిల్లలను అమ్మమ్మ ఇంటికి పంపేస్తే టెన్షన్ ఉండదు. సీసం కలిసిన కొన్ని పదార్థాలు తియ్యగా ఉంటాయి. కింద పడిన పెచ్చు రుచి చూసిన పిల్లవాడు ఇంకోటి వెతుక్కుంటాడు.

మిగతా చిన్నా చితకా

తూకం రాళ్ళ అడుగున గుంటలో పోసినది సీసమే. దాన్ని పోసి బరువు సరిచేసి, దాని మీదే తూనికలు కొలతల శాఖ ముద్ర కొడతారు, మెత్తన కాబట్టి ముద్ర బాగా పడుతుంది. ఆ ముద్ర చెరిగి గుంట ఖాళీగా ఉన్న రాయితో కూరగాయలు తూస్తుంటే ఏం చేయాలో మీకు చెప్పక్కర్లేదు. ఇంట్లో పిల్లలు ఆడుకోవడానికి మాత్రం ఇవ్వకండి.

వల గుళ్ళను పంటితో నొక్కి బిగించే అలవాటు సుంకేసుల డ్యామ్ దగ్గరా ఉంది, మైలవరం డ్యామ్ దగ్గరా ఉంది. పటకారు వాడండి. సోల్డరింగ్ చేసేవాళ్ళు తీగను పళ్ళతో పట్టుకోకుండా, టీ తాగేముందు సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలావరకు గెలిచినట్టే. సోల్డరింగ్‌లో లేచే పొగ ఎక్కువగా తీగలో ఉండే రోజిన్ అనే జిగురుది, సీసం అంటేది వేళ్ళకే. మా పెదనాన్న ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చేవాడు. ఆ నల్లటి వేళ్ళతోనే బన్ను తినేవాడు, పొట్ట నొప్పి, మలబద్ధకం అంటుండేవాడు. అప్పుడు ఎవరూ రెండూ కలిపి చూడలేదు.

పిల్లల గురించి అనుమానం వస్తే

పెద్దల కంటే చిన్నపిల్లల కడుపు మింగిన సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఒళ్ళు దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది, అక్కడ ఏళ్ళ తరబడి ఉంటుంది. పైకి ప్రత్యేకమైన గుర్తు ఉండదు. రక్తం తక్కువ, ఆకలి లేకపోవడం, చదువు ఎక్కకపోవడం, చిరాకు, వీటికి వేరే కారణాలు వంద ఉండొచ్చు. అందుకే ఊహలు వద్దు. ఇంట్లో బ్యాటరీలు పగలగొట్టే పనో, పాత రంగు పెచ్చులో, రోజూ నోట్లో మట్టి పెట్టుకునే అలవాటో ఉంటే డాక్టర్‌ను అడిగి రక్తంలో సీసం పరీక్ష రాయించుకోండి. ఎంతవరకు ఉన్నా ఫర్వాలేదనే హద్దు ఏదీ లేదు. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే ఎక్కడి నుంచి వస్తుందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఇనుము, కాల్షియం తక్కువున్న పిల్లల ఒంట్లోకి సీసం ఎక్కువ చేరుతుంది. మన రాగి సంగటిలో కాల్షియం బాగా ఉంటుంది, ఆకుకూర పప్పుతో పెట్టండి. అది సీసానికి విరుగుడు మాత్రం కాదు. విరుగుడు మందులు వేరే ఉన్నాయి, అవి డాక్టర్ చేతిలోవి.

పాత బ్యాటరీని వదిలించుకోవడం

ఇది చివర పెట్టాను గానీ చాలామంది తప్పు చేసేది ఇక్కడే. వీధిలోకి పాత సామాన్లు కొనే అతను వస్తే తూకానికి ఇచ్చేస్తాం. అతను ఏ చెట్టు కిందో సుత్తితో పగలగొట్టి, యాసిడ్ కాలవలో పారబోసి, పలకలు పెనంలో కరిగిస్తే ఆ పొడి ఆ వీధి పిల్లల చేతుల్లోనే చేరుతుంది. సీసం ఎన్నిసార్లు కరిగించినా మళ్ళీ అదే సీసం, గుణం తగ్గదు. కాబట్టి దానికి సరైన దారి మళ్ళీ కొత్త బ్యాటరీ అవడం. 2022లో వచ్చిన బ్యాటరీ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారుదారులది. కొత్తది కొన్న అంగడికే పాతదాన్ని ఇవ్వండి.

మోసేటప్పుడు నిటారుగా, ఇద్దరు పట్టుకోండి. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ యాభై కిలోలు దాటుతుంది, ఒక్కరే ఎత్తితే నడుము పోతుంది. ఆటోలో పడుకోబెట్టకండి, మూతల్లోంచి యాసిడ్ కారుతుంది. ముందు రోజే మన ఇంట్లో తూచుకుని పొండి, యాసిడ్ పారబోసి తూకం తగ్గించుకోమని ఎవరన్నా చెప్తే వినకండి. పాతదానికి ఎంత తగ్గించారో బిల్లు మీద విడిగా రాయించుకోండి. నేను మొన్న రాయించుకోలేదు. కొత్తదాని ధరలో కలిపేశాం సార్ అన్నాడు, ఎంత కలిపాడో ఇప్పటికీ తెలియదు.